ఆ సీనులో లేచి నిలబడే అత్త

నెల్లిమర్లలో మా పక్కింటి అత్త జీవితమంతా ఒకే సినిమాకి వెళ్ళేది. అది నిజంగా బతికిన దొంగల జంట కథ. వాళ్ళు చంపిన రైస్ మిల్లు కాపలావాడు ఆవిడ భర్త. తెరమీద అతను కూలగానే జనం ఈలలు వేసేవారు. వీధిలో శవం వెళ్తుంటే లేచినట్టు ఆవిడ లేచి నిలబడేది.

"కూకోయే ముసిల్దానా, హీరో కనపడ్నేదు!" అని వెనకనుంచి అరిచేవారు.

"శవం ఎల్తంటే కూకుంటారేట్రా?" అనేది.

నిరుడు కార్తీకంలో ఆ సినిమా మళ్ళీ వేశారు. ఇద్దరం వెళ్ళాం. కాపలావాణ్ణి చంపడం చూపిస్తే ఈ కాలం జనానికి దొంగలమీద మోజు తగ్గుతుందని కాబోలు, ఆ సీను కత్తిరించేశారు. సినిమా అయిపోయి లైట్లు వెలిగినా ఆవిడ కుర్చీలోంచి కదలలేదు.

"ఒసే, మీ మావని ఇంకా సంపనేదేటే?" అని నన్నడిగింది.