లో వేయాలంటే ఆగాలి

ఆర్మీ పోస్టులో దిగింది నవంబరు మొదట్లో, ఉదయం పదకొండు గంటలకు. లడాఖ్‌లో చెట్టన్నది లేని కొండ. ఎండ ఉంది, వేడి లేదు. సంచి దించానో లేదో సుబేదార్ సాబ్ బండి తాళాలు చేతిలో పెట్టారు. నేను డ్రైవర్‌ని. మాది గుమ్మడిదల. అప్పటిదాకా నాకు తెలిసిన కొండ మా ఊరి గుట్టే.

ఆ బండికి గేరు రాడ్ పక్కన ఇంకో చిన్న రాడ్ ఉంటుంది. ఇంజను బలాన్ని నాలుగు చక్రాలకూ అందించేది అదే, హై అనీ లో అనీ రెండు రకాలుగా. ఇప్పుడు పటాన్‌చెరులో కుర్రాళ్లు అలాంటి బళ్లు కొని, ఎండిన తారు రోడ్డు మీద కూడా దాన్ని లాగి మురిసిపోతున్నారు. టైర్లు అరిగిపోవడం తప్ప ఒరిగేదేమీ లేదు. తారు మీద వెనక చక్రాలు చాలు. మంచు పలచగా ఉండి దారి సమంగా ఉంటే నాలుగు చక్రాలకూ హై. వేగం తగ్గదు, పట్టు పెరుగుతుంది. నిట్టనిలువు ఎక్కుడు, దిగుడు, లోతు బురద అయితే లో. అప్పుడు బండి పాకుతుంది. దిగుడులో ఇంజనే దాన్ని పట్టి ఉంచుతుంది, బ్రేకుతో అంతగా పనుండదు. మంచుగడ్డ మీద బ్రేకు నొక్కితే చక్రాలు బిగుసుకుని బండి లోయకు జారుతుంది.

హై అయితే నడుస్తుండగానే వేయొచ్చు. లో వేయాలన్నా, తీయాలన్నా బండిని పూర్తిగా ఆపాలి. ఆగడమంటేనే నాకు ఒళ్లు మంట. గేటు దగ్గర కూడా స్టీరింగు మీద వేళ్లు ఆడిస్తూ ఉండేవాణ్ణి.

జనవరిలో ఒక ఉదయం మా లంగరులో, అదే మా వంటశాలలో, వంటవాడికి ఊపిరి అందలేదు. జహీరాబాద్ మనిషి. ఆ పోస్టులో నాతో తెలుగు మాట్లాడేది అతనొక్కడే. ఎత్తు వల్ల ఊపిరితిత్తుల్లో నీరు చేరిందనీ, వెంటనే కిందికి దించకపోతే దక్కడనీ నర్సింగ్ అసిస్టెంట్ చెప్పాడు. మబ్బు కమ్మింది, హెలికాప్టర్ రాదు. నా బండే దిక్కు.

అతన్ని నా సీటు వెనక కంబళ్లకు చేర్లబెట్టి, కాళ్లు వెనక తలుపు వైపు చాపించారు. నర్సింగ్ అసిస్టెంట్ అతని పక్కనే కూర్చున్నాడు. అద్దంలో నాకు మొహం కనిపించదు, బూట్లే కనిపిస్తాయి.

పైన సమంగా ఉన్న దారంతా హైలో లాగించేశాను. దిగుడు మొదలయ్యే మలుపు దగ్గర ఆపాను. పోస్టు నుంచి చూస్తున్న సుబేదార్ సాబ్ వెంటనే రేడియోలో పలికారు.

"బండి ఎందుకు ఆగింది?"

"లో వేస్తున్నా సాబ్."

"జల్దీ."

అద్దంలోకి చూశాను. అప్పటిదాకా బూట్లు ఊగుతూనే ఉన్నాయి. ఊపుతున్నది అతనో, బండో తెలియలేదు. ఇప్పుడు కుడి బూటు కొంచెం పక్కకు జరిగింది. అది అతనే.

"ఎందుకాపినవ్ అన్నా?" అన్నాడు. గొంతులో గురగుర.

"గేరు మారుస్తున్న తమ్మీ. పోతున్నం ఇగ."

లో వేసి, రెండో గేరులో దిగాను. చక్రాలకు కట్టిన గొలుసులు మంచును కొరుకుతున్నాయి. పక్కన మనిషి నడిచినా మమ్మల్ని దాటిపోయేవాడు. ఇంకాస్త వేగంగా పోలేవా అని నర్సింగ్ అసిస్టెంట్ అడుగుతూనే ఉన్నాడు. నా ఎడమ చేయి మాటిమాటికీ ఆ చిన్న రాడ్ వైపు పోతోంది. వెనక్కి తెచ్చుకుంటున్నాను. ఆ దారి మీద నాకు ఏడుపొచ్చింది.

దిగుడు అయిపోయింది. హై వేయడానికి మళ్లీ ఆపాను. అద్దంలోకి చూశాను. బూట్లు కదల్లేదు.

"తమ్మీ," అన్నాను.

"అద్దం వదిలెయ్. రోడ్డు చూడు," అన్నాడు నర్సింగ్ అసిస్టెంట్.

బండి కదిలింది. బూట్లు మళ్లీ ఊగాయి. ఈసారి ఊపుతున్నది బండే.

అతను బతికాడు. కింద ఆసుపత్రిలో మూడో రోజుకు లేచి కూర్చుని, అక్కడి చాయ్ బాగాలేదని గొడవ పెట్టుకున్నాడట. ఇప్పుడు జహీరాబాద్‌లో హోటల్ నడుపుతున్నాడు. పోయినప్పుడల్లా ఆ దిగుడు గురించి అడుగుతాడు, నేను మాట మారుస్తాను. ఒకసారి తనే అన్నాడు: "రెండోసారి ఆపినప్పుడు నాకు సోయి లేకుండె అన్నా. నువ్వెందుకు ఇంకా పరేషాన్ అయితవ్?"

నేను ఇప్పుడు బొల్లారంలో ఒక మందుల కంపెనీ బస్సు నడుపుతున్నాను. షిఫ్టు దిగినవాళ్లు ఎక్కగానే నిద్రపోతారు. కాళ్లు నడవలోకి చాపుతారు. బస్సు నడుస్తున్నంతసేపూ అందరి కాళ్లూ ఊగుతుంటాయి, నాకు దిగులుండదు. స్టాపు రాగానే అద్దంలోకి చూస్తాను. ఏదో ఒక బూటు తనంతట తాను కదిలేదాకా తలుపు తీయను.

"తలుపు తియ్యవా అన్నా?" అని వెనకనుంచి అడుగుతారు. తీస్తాను. అందరూ దిగిపోతారు. ఖాళీ బస్సులో, ఆ అద్దంలో, ఆనాటి రెండు బూట్లు మాత్రం కదలకుండా ఉంటాయి.