అటు తిరిగి తినిపించిన అత్తయ్య

ఎనభైల్లో, చాట్రాయిలో మా పక్కింట్లో ఉండే అత్తయ్యను తలచుకుంటే నాకు ఆవిడ ఒక చెంపే గుర్తొస్తుంది.

అత్తయ్యకు పిల్లల్లేరు. అయినా వీధిలో అన్నం ముట్టని పసివాళ్లంతా ఆవిడ అరుగు మీదే తినేవాళ్లు. అమ్మ గిన్నె పట్టుకుని ఇల్లంతా వెంటబడినా నోరు తెరవని మా తమ్ముడూ అంతే. అత్తయ్య పెరుగన్నంలో చిన్నరసం మామిడిపండు పిండి, చిన్న చిన్న ముద్దలు చేసి, పళ్లెం వాడి ముందు పెట్టి, మొహం మామిడితోట వైపు తిప్పుకునేది. వాడు ఒళ్లంతా పూసుకుంటూ పళ్లెం ఖాళీ చేసేవాడు.

"తినేటప్పుడు పిల్లల వంక చూడకూడదు, అదే కిటుకు" అని అమ్మ వీధంతా చెప్పేది, తనే కనిపెట్టినట్టు.

ఒకరోజు తమ్ముడు తింటుండగా అడిగాను. "అత్తయ్యా, చూడకపోతే తింటారని మీకెలా తెలిసింది?"

ఆవిడ అప్పుడు కూడా ఇటు తిరగలేదు.

"నాకేం తెలుసమ్మా. వీడి అన్నప్రాశన నాడు మీ అమ్మే అంది, పిల్లల్లేనిదాని చూపు పడితే తిన్నది ఒంటపట్టదని. అప్పట్నుంచీ ఏ పిల్లాడి వంకా చూడట్లేదు."

తమ్ముణ్ణి ఎత్తుకుని ఇంటికొచ్చాను. అమ్మ ఎప్పటిలాగే మమ్మల్ని గుమ్మంలోనే ఆపి, వాడికి ఉప్పుతో దిష్టి తీసింది.