శారీగార్డు

ఖాదర్ వలికి బండి ఎంచుకోవడానికి ఆర్నెల్లు పట్టింది. పెళ్లిచూపుల్లో తనను కూడా అంత పట్టి పట్టి చూడలేదని భార్య మస్తాన్‌బీ ఎగతాళి చేసేది. అద్దంకి చుట్టుపక్కల మిర్చి చేల వెంట తిరిగి, కాయ చూసి, వ్యాపారులకు బేరం కుదర్చడం అతని పని. వాన పడితే నల్లరేగడిలో మామూలు బండి కదలదు. మట్టి మడ్‌గార్డు కింద ఇరుక్కుని చక్రం బిగుసుకుపోతుంది. అందుకే తారురోడ్డు మీదా, చేలగట్ల మీదా నడిచే ఎత్తు బండి మీద మనసు పడ్డాడు.

చివరికి తాడేపల్లిలో ఒక పాత బండి దొరికింది. మడ్‌గార్డు టైరుకు జానెడు పైన ఉంది, అతనికి అది చాలు. అమ్మినవాడు బురద పందేల కోసం లైట్లు, అద్దాలు, హారను అన్నీ పీకేశాడు. రిజిస్ట్రేషన్ గడువు కూడా తీరిపోయింది. మెకానిక్ ఆదాం ఒక్కొక్కటీ వెతికి తెచ్చి బిగించాడు. ఆఖర్న వెనక చక్రం పక్కన శారీగార్డు పెట్టబోతే ఖాదర్ వలి మొహం చిట్లించాడు.

“అదెందుకయ్యా? బండి అందమంతా పోద్ది.”

“అది లేకపోతే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ పాస్ చెయ్యడండీ. ఆడోళ్లు ఎక్కే బండాయె.”

బండి పాసైంది. ఖాదర్ వలి పనున్నా లేకపోయినా ఊరంతా తిరిగాడు. మొదటి వానకే శారీగార్డు సందులో రేగడి పట్టేసింది. విసుగొచ్చి, చేలోనే దాన్ని విప్పి, ఇంటికొచ్చి అటక మీద పడేశాడు. ఆర్సీ చేతికొచ్చాక ఇంకెవరడుగుతారులే అనుకున్నాడు. అక్కడే అతని బుద్ధి గడ్డి తింది.

మస్తాన్‌బీ ఎన్నడూ సముద్రం చూడలేదు. మిర్చి కోతలయ్యాక కొత్తపట్నం తీసుకెళ్తానన్నాడు. ఆమె పులిహోర కట్టుకుని, తల మీద కొంగు కప్పుకుని, వెనక ఓ పక్కకు తిరిగి కూర్చుంది. శారీగార్డు సంగతి అతనికి గుర్తుకు రాకపోలేదు. అటక ఎక్కి తీసి బిగించడానికి బద్ధకించాడు.

“కొంగు గట్టిగా పట్టుకో,” అన్నాడు, అంతే.

ఒంగోలు దాటగానే సముద్రపు గాలి తగిలింది. సంతోషం పట్టలేక ఆమె ఏదో చూపించబోయి చెయ్యెత్తింది. కొంగు ఎగిరి చక్రంలో పడి, మనిషిని రోడ్డు మీదికి ఈడ్చేసింది. ప్రాణం దక్కింది గానీ ఎడమ చెయ్యి మళ్లీ భుజం దాటి లేవలేదు.

అప్పట్నుంచి రోజూ పొద్దున్నే ఆమె జడ ఖాదర్ వలియే వేస్తున్నాడు. పలకరించడానికొచ్చిన వాళ్లందరితోనూ ఆమెది ఒకటే మాట: “ఆయన చెప్పనే చెప్పాడు, కొంగు పట్టుకోమని. నేనే వదిలా.” ఆ మాట చెవిన పడిన రోజు అతనికి అన్నం సయించదు. చక్రానికి అడ్డు ఒకటి ఉండేదనీ, దాన్ని అతనే విప్పేశాడనీ ఆమెకు తెలియదు. సిగ్గుతో, దుఃఖంతో బండైతే అమ్మేశాడు గానీ ఆ ఒక్క మాటా చెప్పలేకపోయాడు.

మొన్న జడ వేయించుకుంటూ ఆమే అడిగింది.

“ఏమయ్యా, నా మూలాన ముచ్చటపడి కొనుక్కున్న బండి పోయింది. నిజం చెప్పు, నా మీద కోపంగా ఉందా?”

చెబుదామనే నోరు తెరిచాడు. చేతుల్లోంచి పాయలు జారి విడిపోయాయి.

“పర్లేదులే, మళ్లీ మొదలెట్టు,” అంది మస్తాన్‌బీ.

అతను మళ్లీ దువ్వెన తీసుకున్నాడు.