మగవాళ్ల వైపు కిటికీ

మా ఊరి పాత చర్చిలో ఇప్పుడు నేను అంగన్‌వాడీ నడుపుతున్నాను. పేరుకే నడుపుతున్నాను, నిజానికి పిల్లలే నన్ను నడుపుతారు. రాతి గోడలు, ఎత్తైన పైకప్పు, నున్నటి బండల నేల. నా చిన్నప్పుడు ఈ బండల మీదే చాపలు పరిచి ఆరాధన జరిగేది. ఆడవాళ్లు ఎడమవైపు, మగవాళ్లు కుడివైపు, మధ్యలో దారి.

నాయన చోటు కుడివైపు రెండో కిటికీ కింద. అయ్యగారు ప్రసంగం మొదలుపెట్టడమే ఆలస్యం, గోడకు తల ఆనించి కునుకు తీసేవాడు. ఇటువైపు నుంచి అమ్మ దగ్గేది. అది ఉత్త దగ్గు కాదని చర్చిలో అందరికీ తెలుసు. నాయన ఉలిక్కిపడి, చోటు కాని చోట "ఆమెన్" అనేవాడు. ఇంటికొచ్చాక అమ్మ దులిపేసేది.

"వారమంతా చేన్లో రాని నిద్ర దేవుని ముందర కూర్చుంటేనే వస్తాదా నీకు?"

నాయన నవ్వి ఊరుకునేవాడు.

ఆయన జబ్బుచేసి పోయినప్పుడు పెట్టెను ఈ గడప మీదుగానే బయటికి తీసుకెళ్లారు. కొన్నాళ్లకు బత్తలపల్లె రోడ్డు పక్కన కొత్త చర్చి లేచింది. పాతదాన్ని ధర్మవరం నుంచి వచ్చిన చెనక్కాయల వ్యాపారికి బాడుగకిచ్చారు. విత్తనానికి వేరుశనగ కాయలు చేత్తోనే వలవాలి, మిషన్లో వేస్తే పప్పు పగులుతుంది. అమ్మా నేనూ, మాతో ఆరాధనకు వచ్చిన ఆడవాళ్లూ ఆ పనికి కుదిరాం. మొదటిరోజు అందరం వెళ్లి ఎడమవైపే కూర్చున్నాం. ఎవరూ చెప్పలేదు, కాళ్లే అటు పోయాయి. వ్యాపారి తల పట్టుకున్నాడు.

"ఏమ్మా, ఆపక్క పడమటి గాలి జివ్వున వస్తాంటే ఈడ చెమటలు కార్చుకుంటా కూర్చున్నారే!"

"ఆపక్క మొగోళ్లదప్పా," అంది అమ్మ, తలెత్తకుండా కాయ చిదుపుతూ.

"యాడుండారమ్మా మొగోళ్లు? ఉండేవన్నీ మూటలే కదా!"

అమ్మ ఇంకో కాయ అందుకుంది. పని చేస్తూనే మధ్యమధ్య రెండో కిటికీ వైపు చూసేది. ఆ వ్యాపారికి మా పద్ధతులు తెలియవు గానీ మనసున్న మనిషి. సంగతి ఎవరినో అడిగి తెలుసుకున్నాడు. ఆ తర్వాత ఆ కిటికీ కింద ఒక్క మూట వేయనివ్వలేదు. ఆయనంటే నాకు ఇప్పటికీ గౌరవమే.

వానలు ముఖం చాటేసి పంటలు ఎండిపోయాక ఆయనా ఖాళీ చేసి వెళ్లిపోయాడు. అంగన్‌వాడీ వచ్చింది. ఇంట్లో ఒంటరిగా ఉండలేక అమ్మ రోజూ నా వెంట వస్తుంది. పాత చోటులోనే, ఎడమవైపు గోడ దగ్గర కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతుంది.

వాన కోసం ఏడ్చే మా ఊళ్లో మొన్న కుండపోతగా కురిసింది. పాత కప్పు ఎడమవైపు కారడం మొదలుపెట్టింది. పిల్లలను కుడివైపుకు తోలాను. అమ్మ మాత్రం తలమీద కొంగు కప్పుకుని, చినుకుల కిందే కూర్చుంది.

"ఇట్ల రామ్మా, తడుస్తాండావు."

"ఆపక్క మొగోళ్లది."

నాకు ఒళ్లు మండింది. "మొగోళ్లంట మొగోళ్లు! ముక్కు చీదుకోనీకి రానోళ్లు వీళ్లు. నీకు జరమొస్తే ఎవరు చూడాల?"

కదల్లేదు. నాకు కోపమూ ఏడుపూ కలిసే వచ్చాయి. అమ్మ వెళ్లి నాయన చోట కూర్చుంటే ఆయన ఇక రాడని ఒప్పుకున్నట్టే. ఆమె భయం అదేనని నాకు తెలుసు. తెలిసీ అరిచాను.

అంతలో రెండో కిటికీ కింద ఒక పిల్ల వాళ్లమ్మ కావాలని గుక్కపట్టి ఏడవసాగింది. నా చేతిలో వేడి పాలగిన్నె ఉంది. నేను దాన్ని దించేలోగా అమ్మ లేచింది. మోకాళ్లు పట్టుకుంటూ మధ్యదారి దాటింది. గోడకు ఆనుకుని కూర్చుని పిల్లను ఒళ్లోకి తీసుకుంది.

వాన తగ్గింది. నేను ఎడమవైపు నేల తుడిచి తలెత్తేసరికి పిల్ల నిద్రపోయింది. గోడకు తల ఆనించి, నోరు కొంచెం తెరుచుకుని, అమ్మ కూడా నిద్రపోయింది.

నాకు తెలియకుండానే దగ్గాను.

అమ్మ ఉలిక్కిపడి కళ్లు తెరిచింది. పిల్లలు పకపక నవ్వారు. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని తలెత్తి కిటికీ వైపు చూసింది.

"మీ నాయన్ను అన్నేండ్లు ఊరికే తిట్టినానే," అంది. "ఈడ ఇంత గాలొస్తాదని ఒక్కసారన్నా చెప్పలే ఆ మనిషి."