ఓటు గుడ్డ

ఆ గుడ్డ కుట్టడానికి మాకు వేసవి సగం పట్టింది. రెండు తెల్ల దుప్పట్లు జతచేసి, ఎర్ర దారంతో ‘ఆడవాళ్ళందరికీ ఓటు’ అని గొలుసుకుట్టు వేశాం. వెనకవైపు దారాలు చిక్కుగా కనబడుతున్నాయని నేనే అస్తరు కూడా వేశాను.

తెల్లదొరల చట్టంలో చదువుకున్న ఆడవాళ్ళకీ, పన్ను కట్టేవాళ్ళ భార్యలకీ మాత్రమే ఓటు; చదువుకున్నాను గనక నాకు వచ్చింది. మా వీధి చివరి వితంతువుకి లేదు. ఆవిడ బెల్లం కొట్లో దిమ్మలకి తాటాకు చుట్టే పని చేస్తుంది. సాయంత్రాలు మా అరుగు మీద కూర్చుని, నేను పెన్సిలుతో గీసిన గీత వెంబడే సూది నడిపేది. అక్షరం రాదు.

“పన్ను కట్టే మొగుడుంటేనే ఓటంట. ఆడు పోతే పోనాడు, నాను బతికే ఉన్నాను గదేటమ్మా?” అని నవ్వేది.

మద్రాసు నుంచి నాయకుడొకరు సభకి వస్తున్నారు, ఏర్పాట్లు మా ఆయనవే. “మీ గుడ్డ వేదిక మీద ఆయన వెనకే కట్టిస్తాను. నాదీ పూచీ,” అన్నారు.

ఆ రోజు ఆవిడకి కొట్లో సెలవివ్వలేదు. నేను మా చంటిపాపని ఎత్తుకుని వెళ్ళాను. వేదిక వెనక మామిడాకులు తప్ప ఏమీ లేవు. ఆడవాళ్ళ వైపు వెళ్ళేసరికి గుడ్డ కనబడింది. మగవాళ్ళకీ మాకూ మధ్య తెరగా కట్టారు. అక్షరాలు మావైపు, తెల్లటి అస్తరు వాళ్ళవైపు. ఆ ఉక్కలో పాపకి జ్వరం వస్తుందేమోనని ఒళ్ళు తడుముతూ, మేం రాసింది నేనే చదువుకుంటూ కూర్చున్నాను. నాయకుడి గొంతు వినబడుతూనే ఉంది. మా ఓటు మాట మాత్రం రాలేదు.

ఇంటికొచ్చి అడిగాను.

“పెద్దిళ్ళ ఆడవాళ్ళు తెర లేనిదే రామన్నారు. అప్పటికప్పుడు గుడ్డ ఎక్కణ్ణించి తేను? అయినా రాత మీవైపే ఉంచానుగా, చదువుకున్నారుగా!” అని నవ్వారు మా ఆయన.

పెళ్ళయినప్పటి నుంచీ ఆయన ఇచ్చిన మాటని నేను అనుమానించి ఎరగను.

దీపాలు పెట్టే వేళకి ఆవిడ వచ్చింది. చేతులకంటిన బెల్లం జిగురు కూడా కడుక్కోలేదు.

“మన గుడ్డ సూసేడా బాబూ, ఆ పెద్దమనిసి?” అని మా ఆయన్ని అడిగింది.

“చూశారు. చాలా బావుందన్నారు,” అన్నారాయన, నావైపు చూడకుండా.

ఆవిడ మొహం విప్పారింది. “సదివేడా? అందరికీ ఇనపడేలాగ సదివేడా?” అంటూ నావైపు తిరిగింది.

“లేదు,” అన్నాను.

మా ఆయన లేచి లోపలికి వెళ్ళిపోయారు. ఆవిడ ఆయన వెళ్ళిన గుమ్మం వైపు చూసి, అరుగు మీద కూర్చుంది.

“మరేటి సేసేరమ్మా దాన్ని?” అంది.