బోదె నెత్తిన ఉప్పు

పొద్దున ఇక్కడ బహ్రెయిన్‌లో, జింజ్ పేటలో కూరగాయల కొట్టు దగ్గర వంకాయల పెట్టెలు దించుతున్నాను. కొట్టాయనది కాకినాడ వైపు. ఒక కాయను అటూ ఇటూ తిప్పి చూసి, "మీ తోట నేల చేవే వేరండీ" అన్నాడు. నవ్వుతూ ఇంకో పెట్టె దించాను గానీ లోపల భగ్గుమంది. ఆ నేలను దారికి తెచ్చింది మా తోడల్లుడు మరి.

మామగారింట్లో మొదటినుంచీ ఆయనకే పెద్దపీట. నాకంటే చిన్నవాడు, నా తర్వాత వచ్చిన అల్లుడు, అయినా కూరలో మంచి ముక్క ఆయన కంచంలోనే పడేది. ఆ బాధ తప్పించుకుందామని దుబాయి పోతున్నానని చెప్పి బహ్రెయిన్ వచ్చిపడితే, ఏడాది తిరక్కుండా ఆయనా ఇక్కడికే, నాకు వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, ఆ కఫీల్ తోటకే వచ్చాడు. కఫీల్ మాకు చెరో మడి ఇచ్చి, పంట చూసి ఒక్కరినే ఉంచుకుంటానన్నాడు. రెండోవాడు మామీర్‌లో సిమెంటు పనికి పోవాలి. అప్పటికే నా నడుము పట్టేసింది. బస్తాలు మోయాల్సివస్తే ఇంటికి పోవడమే.

జగిత్యాల వైపు పసుపు పండించినవాణ్ణి, నాకొకరు చెప్పాలా అనుకున్నాను. ఎత్తుగా మట్టికట్టల్లా బోదెలు తోలి, వాటి నెత్తిన వంగనారు నాటి, రోజూ కాసిన్ని నీళ్లు పెట్టాను. చూస్తుండగానే బోదెల మీద తెల్లగా ఏదో పొర పేరుకుంది, నారు మాడిపోయింది. పక్కమడిలో ఆయన నారు మాత్రం కళకళలాడుతోంది. దొంగచాటుగా ఏదో ఎరువేస్తున్నాడని నాకు గట్టి అనుమానం. ఒకరోజు ఆయన లేని సమయం చూసి, ఆ మట్టి పిడికెడు తీసి వాసన చూస్తుంటే వెనకనుంచి ఆయన గొంతు.

"పసుపుకు పెట్టినట్టు నెత్తిన పెట్టినవ్ అన్నా. ఈడ నీళ్లల్లనే ఉప్పుంది, ఎండకు నెత్తికెక్కుతది. నేను గూడ మొదట ఓ మూలకు పెట్టిన నారు సంపుకున్న. మొక్కను పక్క వాలుకు పెట్టు. నీళ్లు ఒక్కసారే నిండుగ పెడితే ఉప్పు కిందికి దిగుతది."

చెప్పి ఊరుకోలేదు. పార తీసుకుని నాతోపాటు దిగాడు, కొత్త నారు వాలుకు నాటించాడు, ఎండకు నేల కాలకుండా ఖర్జూరపు మట్టలు కప్పాడు. చివరికి రెండు మడులూ ఒకేలా కాశాయి. కఫీల్ ఎటూ చెప్పలేక మమ్మల్నే తేల్చుకోమన్నాడు. నేను నోరు తెరిచేలోగా ఆయన సామాను సర్దేశాడు.

"నీ నడుము సంగతి నాకెర్కలేదా" అని మామీర్ బండెక్కాడు.

ఆ వారం ఫోన్లో మా అత్తగారు, "చిన్నల్లుడు బంగారం" అంది. నిజమే, అదే నా ఏడుపు. వేలెత్తి చూపడానికి ఒక్క తప్పు దొరికినా కాస్త స్థిమితంగా ఉండేవాణ్ణి. ఏళ్లు గడిచేకొద్దీ నడుము నొప్పి తగ్గింది గానీ, నాకంటే మంచివాడైనందుకు ఆయన మీది కుళ్లు మాత్రం ఏటికేడు పెరుగుతూనే ఉంది.