మా యారాలి చేతిలో కెమెరా

మా యారాలు పోయిందని పోయిన నెలలో ఒక పొద్దున ఫోనొచ్చింది. నేనప్పుడు హిందూపురంలో మా పుట్టింట్లో ఉన్నాను. ఆమె నా భర్తకు అన్న భార్య. ధర్మవరంలో పదిహేనేళ్లు ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర బతికాం. మగ్గం ముందు కూర్చుని తెగిన పోగు ముడేస్తూ పక్కకు ఒరిగిపోయిందట. నేను బస్సు దిగి మా వీధి మలుపు తిరిగేసరికి ఇంటి ముందు నిలబడడానికి చోటు లేదు. చుట్టుపక్కల వీధుల నేతవాళ్లంతా మగ్గాలు ఆపి వచ్చారు. ఒక ముసలామె నా చెయ్యి పట్టుకుని, "మా ఆయనది ఇంట్లో ఉండే ఒక్క ఫోటో ఈయమ్మ తీసిందేనమ్మా" అని ఏడ్చింది. ఆ క్షణంలో నాకు మొదట కలిగింది దుఃఖం కాదు. నేను పోతే ఇంతమంది వస్తారా అనిపించింది. సిగ్గుపడుతూనే రాస్తున్నాను. ఆమె విషయంలో నా మనసు ముందు వెళ్లేది ఎప్పుడూ అటువైపే.

నేను బీకాం చదివి ఆ ఇంటికి కోడలిగా వెళ్లాను. ఆమె తలుపుల అనే ఊళ్లో పుట్టి, ఐదో తరగతితో బడి మానేసింది. బ్యాంకు కాగితాలు, కరెంటు ఆఫీసు ఉత్తరాలు ఏవి వచ్చినా మామ నన్నే పిలిచేవాడు. ఆమె నా వెనక నిలబడి నేను చదివేది వినేది. అలా వింటున్నప్పుడు నాకు ఎంతో బాగుండేది.

ఫోన్లలో మంచి కెమెరాలు ఇంకా రాని రోజుల్లో, హిందూపురం వ్యాపారులు కొత్త చీర అంచులు కొనేముందు వాటి ఫోటోలు పంపమని అడగడం మొదలుపెట్టారు. మామ బెంగుళూరు వెళ్లి ఒక చిన్న డిజిటల్ కెమెరా కొనుక్కొచ్చాడు. వెండి రంగుది, గుప్పిట్లో పట్టేంత. తెచ్చి నా చేతిలో పెట్టి, "నువ్వయితే ఇంగ్లీషు సదువుతావు, నీకే తెలుస్తాది" అన్నాడు.

మూడు రోజులు కూర్చుని దాంతోపాటు ఇచ్చిన పుస్తకమంతా చదివాను. ఏ బటన్‌ను ఏమంటారో అడిగితే చెప్పగలను. ఫోటో తీస్తే మాత్రం అంచు మసకగా వచ్చేది. జరీ మీద ఫ్లాష్ పడి తెల్లటి మరక మిగిలేది. మా యారాలు మూలన కూర్చుని కండెలకు పట్టు చుడుతూ చూస్తూండేది. నాలుగో రోజు చేతులు తుడుచుకుని వచ్చింది.

"ఒకసారి ఇయ్యి పాపా, నేనూ చూస్తా."

బటన్ నొక్కగానే లెన్స్ బయటికొచ్చింది. మళ్లీ నొక్కితే లోపలికి పోయింది. "తాబేలు తల మాదిరి ఉండాదే!" అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, పైనున్న గుండ్రటి చక్రాన్ని మెల్లగా తిప్పుతూ దాని మీది బొమ్మలు చూసింది.

"ఇది కొండ. దూరంగా ఉండేటివి తీసేదానికేమో. ఉరికే మనిషి... పిల్లోళ్లకి. ఈ పువ్వేంది? పువ్వు చూడాలంటే దగ్గరికి పోవల్ల గదా. మనకి కావల్సింది ఇదే పాపా."

మెరుపు బొమ్మ కనిపించేదాకా ఒక బటన్‌ను నొక్కి, దాని మీద గీత పడేలా చేసింది. ఫ్లాష్ ఆగిపోయింది. అంచు దగ్గరికి వంగి, ఫోటో తీసే బటన్‌ను పూర్తిగా నొక్కకుండా సగంలో ఆపింది. కెమెరా చిన్నగా కూసింది. తెర మీద పచ్చటి చదరం వెలిగింది. అప్పుడు మిగతా సగం నొక్కింది.

మామ ఆ ఫోటో చూసి, "పోగులు లెక్కబెట్టచ్చు గదమ్మా!" అన్నాడు. నేను మూడు రోజులు చదివిన పుస్తకంలో సగం నొక్కి ఆగమనే మాట ఉంది. చదివాను కూడా. నా వేలికే అది ఎక్కలేదు.

ఆ రోజు నుంచి కెమెరా ఆమెదైపోయింది. చీరల పని అయ్యాక వీధిలో ముసలివాళ్లను, పసిపిల్లలను, మగ్గాల మీది మనుషులను తీసేది. జూమ్ మీట పక్కన ఒకవైపు మూడు చెట్ల బొమ్మ, ఇంకోవైపు ఒక్క చెట్టు బొమ్మ ఉండేవి. దాన్ని తిప్పుతూ ఆమె ఒకసారి అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "అందర్నీ ఒగేసారి చూసేది సులభం పాపా. ఒగర్నే చూడాలంటే చెయ్యి వణక్కుండా ఉండల్ల." ఆ మాట నాకు తట్టనందుకు ఆ రోజంతా కుమిలిపోయాను. మా ఆయన ఒక రాత్రి అన్నం తింటూ, "వదిన తీస్తే ఫోటో, నువ్వు తీస్తే పొగ" అని నవ్వాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ తర్వాత పెద్ద పెళ్లి ఆర్డరు ఒకటి వచ్చేలా కనిపించింది. హిందూపురం వ్యాపారి ముప్పై అంచుల ఫోటోలు అడిగాడు. పెళ్లివాళ్లకు చూపించడానికి పెద్ద సైజులో ప్రింటు వేయిస్తానన్నాడు. ఆ మధ్యాహ్నం ఆమె నీళ్లు పట్టడానికి వెళ్లింది. కెమెరా గూట్లో ఉంది. నేను తీసుకుని మెనూ తెరిచాను. చక్రం మీద బొమ్మలున్నాయి గానీ మెనూలో అంతా ఇంగ్లీషే. ఆమె అడుగుపెట్టని చోటు కెమెరాలో అదొక్కటే. ఫోటో సైజు దగ్గర L అనే పెద్దది తీసేసి అన్నిటికంటే చిన్నదైన S పెట్టాను. తెర మీద చూస్తే తేడా ఏమీ తెలియదు. పెద్దగా ప్రింటు వేసినప్పుడే బయటపడుతుంది. ఆ ఇంట్లో నా చదువుకు నేను వెతికి పెట్టిన పని అది.

ఆమె వచ్చి కెమెరా తెరిచి సంబరపడిపోయింది. ఇంకెన్ని ఫోటోలు పడతాయో చెప్పే అంకె తెర మూలన ఉండేది. "పాపా, చూడు! నిన్న నూరు కూడా లేకుండె, ఈ పొద్దు తొమ్మిది నూర్లు పడ్తాయంట!"

"మంచిదే కదక్కా" అన్నాను.

ఆమె ముప్పై అంచులూ తీశాక, మామ కెమెరాలోని మెమరీ కార్డు తీసుకుని హిందూపురం పోయి సాయంత్రానికి తిరిగొచ్చాడు. ప్రింట్లలో అంచులు ఇటుకలు పేర్చినట్టు గళ్లు గళ్లుగా వచ్చాయట. వ్యాపారి ఆర్డరు వేరేవాళ్లకు ఇచ్చేశాడు. మామ కెమెరా తెచ్చి నా ముందు పెట్టాడు. అత్త ఊరుకోలేదు. "అచ్చరం ముక్క రానిదాని చేతికి యంత్రమిస్తే ఇంతే గదా!" మా యారాలు తల వంచుకుని అందరికీ వడ్డించింది. తాను తినకుండా మగ్గం గదిలోకి వెళ్లిపోయింది. నాకు మాత్రం ఆ పూట అన్నం రుచిగానే ఉంది. అది కూడా రాయాలి.

నాలుగు రోజులు ఆమె మగ్గం వదిలి రాలేదు. ఐదో రోజు నా దగ్గరికొచ్చి కూర్చుంది.

"పాపా, నాకొకటి తోస్తాండాది. ఉండే పట్టు అంతే. అంతే పట్టుతో నూరు చీరలు వచ్చేకాడ తొమ్మిది నూర్లు వస్తాండాయంటే నేత పలచనయ్యుంటాది గదా? ఫోటోలు కూడా అట్లే పలచనయినాయేమో. యాడో ఏదో మారిండాది. నీకు సదువొస్తాది, ఒకసారి చూడు."

 మెనూ తెరిచి, "తెలియకుండా ఎవరిదో వేలు తగిలినట్టుంది" అని పెద్ద సైజు పెట్టాను. ఆమె నా ముఖం వైపు చూడలేదు. నా వేళ్లనే చూసింది.

"ఆ తావు నాకు చూపీ."

చూపించాను. పిల్లలు ఎక్కం వల్లించినట్టు వల్లించుకుంది. "మెనూ, కిందికి రెండు. పాము మాదిరి అచ్చరముంటే చిన్నది. కాళ్లు చాపుకోని కూసున్న మనిషి మాదిరి ఉంటే పెద్దది."

మళ్లీ ముప్పై అంచులూ రెండు రోజులు తీసి, ఈసారి తానే హిందూపురం పోతానంది. ఆ ఊరు నాకు తెలుసు కాబట్టి నన్ను వెంట తీసుకుపోయింది. వ్యాపారి కొత్త ప్రింట్లు చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాడు. "ఆ పెండ్లి పోయిందమ్మా. ఇంగో పెండ్లి వస్తాది. ఇవి నా అంగట్లోనే ఉండనీ. ఎవురు తీసినారు?" అన్నాడు.

"మా అక్క" అన్నాను. ఆమెను నేను పొగిడింది ఆ రోజు మొదటిసారి.

తిరుగు బస్సు సోమందేపల్లి దాటాక ఇక ఉండబట్టలేక నోరు తెరిచాను. "అక్కా, ఆ సైజు సంగతి..."

"ఉండు, ముందు నాదొకటి చెప్తా" అంది. "నువ్వు మనింటికి కొత్తగా వచ్చిన దినం నీ చేత పప్పు చేయించినారు, గ్యాపకముండాదా? ఉప్పెక్కువైందని అత్త నిన్ను తిట్టె. రెండోతూరి ఉప్పేసింది నేనే. బీకాం కోడలు వస్తాదని ఇల్లంతా ఒగటే సంబరం. నాకు కడుపు మండిపోయె పాపా."

ఇన్నేళ్లూ ఆ ఉప్పు నా చేతి తప్పే అనుకున్నాను. తప్పు ఒప్పుకోవడంలో కూడా ఆమె నాకంటే ముందే ఉంది. దానికి కూడా ఒక్క క్షణం ఈర్ష్య పడి, ఆ తర్వాత అంతా చెప్పేశాను. ఆమె కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. పెనుకొండ కొండ కనిపించాక ఇటు తిరిగింది.

"అనుమానముండె. నువ్వని అనుకుంటే ఒకే ఇంట్లో ఎట్ల ఉండేది? కెమెరాదే తప్పని అనుకుంటి" అంది. ఆ వెంటనే, "అత్తకు చెప్పద్దు. ఉప్పు సంగతి గూడా చెప్పల్సొస్తాది" అంది.

అత్తకు చెప్పలేదు. మామకు మాత్రం నా సంగతి నేనే చెప్పాను. ఆయన కెమెరా తీసుకెళ్లి పెద్దకోడలికి ఇచ్చాడు. నెల రోజులు నన్ను బ్యాంకు కాగితాలు చదవమనలేదు. ఆ తర్వాత ఆమె మళ్లీ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. కోపంలో కూడా ఎత్తలేదు. అంత మంచితనం పక్కన బతకడం ఎంత కష్టమో, ఎంత అదృష్టమో రెండూ నాకు తెలుసు. నా అసూయ పోలేదు. దానితోనే ఆమెను ప్రేమించడం నేర్చుకున్నాను.

ఆ రోజు బస్సు ప్రయాణంలో ఇంకొకటి జరిగింది. పెనుకొండ దాటాక ఇంజను వేడెక్కిందని డ్రైవరు నీళ్లు పోయడానికి బస్సు ఆపాడు. ఆమె కూడా దిగింది. రోడ్డు పక్క బండ మీద ఒక మగ తొండ ఎండకు కూర్చుని ఉంది. వీపంతా ఎరుపు, పక్కలు నలుపు. "చూడు పాపా, ఎరుపు యాడ ఆగి నలుపు యాడ మొదలైతాండాదో! ఈ అంచు ఎవురు నేసినారబ్బా" అంటూ కొంగు నడుముకు దోపి, కెమెరా తెరిచి మోకాళ్ల మీద కూర్చుంది. ఇంజను చల్లబడింది. జనమంతా ఎక్కారు. డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడు. ఆమె వెనక్కి తిరగలేదు. చూపు తొండ మీదే ఉంచి ఎడమ చెయ్యి పైకెత్తింది, ఉండమని.  కిటికీల్లోంచి అందరూ తలలు బయటపెట్టి చూస్తున్నారు. తొండ కదలలేదు, ఆమె కదలలేదు, ఎత్తిన చెయ్యి అలాగే ఉంది.